చూపు, పద్దు: చరతారల పరిశీలనలో మన చరిత్ర

2000వ సంవత్సరం జూన్, జూలై నెలల్లో అర్జెంటీనాకు చెందిన సెబాస్టియన్ ఒతెరో అనే ఔత్సాహిక పరిశీలకుడు వృశ్చికరాశిలో ఒక తార ఉండవలసినదాని కంటే ప్రకాశవంతంగా ఉన్నట్టు గమనించాడు. ఆయన దగ్గర అందుకు ప్రత్యేకమైన పరికరమేమీ లేదు. చుట్టుపక్కల తారలతో కంటితో పోల్చి చూశాడు, మళ్ళీ మళ్ళీ చూశాడు, రాసుకున్నాడు. ఎన్నో తరాలుగా మార్పు లేనిదిగా లెక్కలో ఉన్న ఆ తార వెలుగు నిజంగానే పెరుగుతున్నదని తక్కిన పరిశీలకులు కొద్దికాలంలోనే నిర్ధారించారు. పాశ్చాత్య ఖగోళజ్ఞులకు అది డెల్టా స్కార్పియై. మనకు అది అనూరాధ. ఆ నక్షత్రానికి యోగతారగా చాలామంది గుర్తించేది ఆ తారనే. ప్రకాశాంకం 2.3 దగ్గర ఉండే ఆ తార తరువాతి ఏళ్ళలో 1.6 దరిదాపులకు చేరింది. అంటే దాదాపు రెట్టింపు వెలుగు.

ఆ ఏడాది కూడా తెలుగు పంచాంగాలన్నిటిలోనూ అనూరాధ తన వరసలో తాను వచ్చింది. ముహూర్తాలు పెట్టుకున్నాం, జన్మనక్షత్రాలు రాసుకున్నాం. పేరు ప్రతి నెలా మన నోట పలికింది. తార మారిన సంగతి బ్యూనస్ ఎయిరిస్ నుంచి తెలియవలసి వచ్చింది. ఇరవై ఏళ్ళ తరువాత, 2019 చివర, ఆర్ద్ర వంతు వచ్చింది. ఎక్కువమంది ఆర్ద్రగా గుర్తించే బెటెల్‌గీజ్ 2020 ఫిబ్రవరి నాటికి ప్రకాశాంకం 1.6 వరకు మసకబారి, మామూలు వెలుగులో దాదాపు మూడోవంతుకు పడిపోయింది. పేలబోతున్నదని పత్రికలు రాశాయి. తార ఉపరితలంలో ఒక భాగం చల్లబడటమూ, అది వెదజల్లిన ధూళిమేఘం మనకు అడ్డు రావడమూ అందుకు కారణాలని తరువాత తేలింది.

ఈ రెండు ఉదాహరణలతో మొదలుపెట్టడం మనవాళ్ళను నిందించడానికి కాదు. మద్రాసులోనూ హైదరాబాదులోనూ సరిగ్గా ఈ పనినే, అంటే తారల వెలుగులో మార్పులను చూసి లెక్క రాసిపెట్టే పనిని, ఏళ్ళ తరబడి చేసినవాళ్ళు ఉన్నారు. వాళ్ళ గురించి మనం రాసుకున్న చరిత్రలో ఆ పని మాత్రం కనిపించదు. దుర్భిణి కొన్నవారెవరో, దాని వ్యాసం ఎన్ని అంగుళాలో, ఫలానా గౌరవం పొందిన మొదటి భారతీయుడెవరో మనకు తెలుసు. వాళ్ళు ఏ తారను ఎన్నాళ్ళు చూశారు, ఆ చూపు వల్ల ఏమి తెలిసింది, ఆ పద్దు ఎవరికి చేరింది అన్న ప్రశ్నలు అడగం. ఈ వ్యాసం ఆ లోటు గురించి.

చూపు ఎలా అంకె అవుతుంది?

చరతారల పరిశీలనలో మౌలికమైన క్రియ పోలిక. ఒక తార వెలుగు ఇంత అని మానవనేత్రం చెప్పలేదు. రెండు తారల్లో ఏది ఎక్కువ వెలుగుతున్నదో మాత్రం చాలా నమ్మకంగా చెప్పగలదు. అందుచేత పరిశీలకుడు తన తారకు ఇటూ అటూ వెలుగు మారని రెండు తారలను ఎంచుకుంటాడు. ఒకటి 6.5, మరొకటి 7.0 అనుకుందాం. తన తార ఈ రెండిటి మధ్య ఎక్కడ నిలుస్తుందో అంచనా వేసి 6.7 అని రాస్తాడు. అభ్యాసం ఉన్న కన్ను ఇందులో ఒకటి రెండు దశాంశాల కంటే ఎక్కువ పొరపడదు. జర్మన్ ఖగోళజ్ఞుడు ఆర్గలాండర్ 1844లో ఖగోళప్రియులకు ఒక విన్నపం రాసి, ఈ పనిలో పాలుపంచుకోవలసిందిగా కోరాడు. అమెరికాలో 1911లో ఏర్పడిన చరతారా పరిశీలకుల సంఘం, ఏఏవీఎస్ఓ, నేటికీ తన పటాలలో పోలికతారల ప్రకాశాంకాలను దశాంశబిందువు లేకుండా, 6.5ను 65గా ముద్రిస్తుంది. బిందువు పెడితే అది కూడా ఒక తారేనని చూసేవారు పొరబడతారని ఆ జాగ్రత్త.

ప్రకాశాంకం తగ్గే కొద్దీ వెలుగు పెరుగుతుంది. ఐదు అంకెల తేడా సరిగ్గా నూరు రెట్ల వెలుగు; ఒక అంకె తేడా 2.512 రెట్లు. ఈ నిష్పత్తిని 1856లో ప్రతిపాదించినవాడు నార్మన్ పాగ్సన్. అతడి గురించి మళ్ళీ చెప్పుకోవాలి.

అంకెకు తోడు కాలం కావాలి. చరతారల పరిశీలకులు తేదీ, నెల, సంవత్సరం వాడరు. జూలియన్ దినసంఖ్య అనే ఒకే ఒక్క రోజుల లెక్క వాడతారు. క్రీస్తుపూర్వం 4713 నుంచి తెగకుండా లెక్కిస్తూ వస్తే 2000 జనవరి 1 మధ్యాహ్నానికి ఆ సంఖ్య 24,51,545. పంచాంగ గణితం తెలిసినవారికి ఇది పరాయిగా తోచదు. కలియుగాది నుంచి గడిచిన రోజుల సంఖ్యను మన సిద్ధాంతులు అహర్గణమన్నారు. అదే రోజుకు కలి అహర్గణం 18,63,079. రెండు లెక్కలకూ మధ్య తేడా ఒక స్థిరసంఖ్య మాత్రమే. నెలలు, అధికమాసాలు, రాజుల శకాలు ఏవి మారినా చెదరని లెక్క ఒకటి ఉండాలని ఇద్దరూ గ్రహించారు.

ఈ అవసరం ఎంత వాస్తవమో ఉత్తర కిరీటమండలంలోని టి కొరోనే బొరియాలిస్ చెబుతుంది. మామూలుగా పదో ప్రకాశాంకం దగ్గర, కంటికి అందకుండా ఉండే ఈ తార 1866లో ఒకసారి, 1946లో మరొకసారి పేలి, కొద్దిరోజులు రెండో మూడో ప్రకాశాంకంతో వెలిగింది. రెండు పేలుళ్ళ మధ్య ఎనభై ఏళ్ళు. ఏ ఒక్క పరిశీలకుడి వృత్తిజీవితంలోనూ రెండూ ఇమడవు. 1946 పేలుడుకు ముందు ఆ తార కొంత మసకబారిందన్న సంగతి ఆనాటి పరిశీలకుల పద్దుల్లో మిగిలింది కనుకనే, ఇటీవల మళ్ళీ అటువంటి మసక కనబడినప్పుడు 2024లోనే పేలవచ్చునని కొందరు లెక్కించారు. ఆ ఏడాది అది పేలలేదు. అంచనా తప్పినా, అసలు అంచనా వేయడానికి వీలు కలిగింది ముందు తరం రాసిపెట్టిన అంకెల వల్లనే.

మద్రాసు: రఘునాథాచార్యుల తార

పాగ్సన్ 1861లో మద్రాసు వేధశాలకు అధిపతిగా వచ్చాడు. నుంగంబాకంలో ఈస్టిండియా కంపెనీ 1792లో కట్టించిన ఆ వేధశాల అప్పటికే తారల స్థానాలు కొలవడంలో పేరున్నది. అంతకుముందు అక్కడ పనిచేసిన టేలర్ పదకొండువేల తారల పట్టిక తయారు చేశాడు. మద్రాసుకు రాకముందే చరతారలు కనుగొని ఉన్న పాగ్సన్‌తో పాటు, స్థానాల కొలతలకు వెలుగు మీద శ్రద్ధ కూడా తోడయింది. అతడి సహాయకుడు చింతామణి రఘునాథాచార్యులు 1867లో ఆర్ రెటిక్యులై అనే తార చరతార అని కనుగొన్నాడు. ఆధునిక ఖగోళశాస్త్రంలో ఒక భారతీయుడు చేసిన తొలి ఆవిష్కరణలలో ఇది ఒకటి. 1872లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయనను సభ్యుడిగా ఎన్నుకున్నది.

ఆయన గురించి రాసేవారు సాధారణంగా ఇక్కడ ఆగుతారు. ‘మొదటి భారతీయుడు’ అన్న మాట దొరికింది కనుక కథ పూర్తయిందనుకుంటారు. ఆ తార ఎక్కడ ఉన్నదో ఒకసారి చూడండి. ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 63 డిగ్రీల దూరంలో ఉంది. ఉత్తర అక్షాంశం 13 డిగ్రీల మీద ఉన్న మద్రాసు నుంచి చూస్తే, అది ఆకాశంలో చేరగలిగిన గరిష్ఠమైన ఎత్తు దిగంతం నుంచి పద్నాలుగు డిగ్రీలు. చేయి చాచి పిడికిలి పట్టుకుంటే దాని వెడల్పు సుమారు పది డిగ్రీలు. అంటే పిడికిలిన్నర ఎత్తు కూడా లేదు. అంత కిందికి ఉన్న తార వెలుగును దట్టమైన గాలిపొర మింగుతుంది, సముద్రతీరపు తేమ మసకపరుస్తుంది. పైగా అది సుమారు 280 రోజులకొకసారి పెరిగి తరిగే దీర్ఘకాలిక చరతార. ఉచ్చదశలో కూడా కంటికి అందీ అందకుండా ఉండి, నీచదశలో పద్నాలుగో ప్రకాశాంకం దాకా పడిపోతుంది. ఈ పరిస్థితిలో ‘తార మసకగా ఉంది’ అన్నది వార్త కాదు; అక్కడ ప్రతి తారా మసకగానే ఉంటుంది. మసక గాలిదా, తారదా అని వేరుచేసి చెప్పాలంటే, అదే ఎత్తులో ఉన్న ఇరుగుపొరుగు తారలతో పోలిక, ముందటి కొలతలతో పోలిక, ఈ రెండూ ఉండాలి. రఘునాథాచార్యుల ప్రతిభకు కొలత ఈ వేరుచేయడంలో ఉన్నది. దీన్ని చెప్పకుండా ‘మొదటి’ అనే విశేషణంతో సరిపెట్టడం, పరీక్షలో జవాబు వదిలేసి మార్కులు మాత్రం చూపించడం వంటిది.

ఆయన జీవితంలో తక్కిన పనులు కూడా ఈ దృష్టితో చూస్తేనే ఒకదానికొకటి అతుకుతాయి. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణానికి పాగ్సన్ మచిలీపట్నం వెళ్ళాడు. నిజాం రాజ్యంలోని వనపర్తిలో పరిశీలకబృందానికి రఘునాథాచార్యులు నాయకత్వం వహించాడు. 1874లో శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా సాగినప్పుడు సామాన్యులకు ఆ సంగతి వివరిస్తూ ఆయన రాసిన పుస్తకం పలు భారతీయ భాషల్లో వచ్చింది. దృగ్గణితం ప్రకారం పంచాంగాన్ని సవరించాలని వాదించి, తానే అటువంటి పంచాంగం ప్రచురించాడు. ‘దృక్’ అంటే చూపు. లెక్కించిన స్థానానికీ కంటికి కనిపించిన స్థానానికీ తేడా వస్తే లెక్కను దిద్దుకోవాలన్నది ఆయన వాదం. పగలు పంచాంగ సంస్కర్త, రాత్రి చరతారా పరిశీలకుడు అని రెండు ముక్కలుగా ఆయనను చూపనక్కరలేదు. అందిన పట్టికను ఆకాశంతో సరిచూడటం అనే ఒకే అలవాటు రెండు చోట్లా కనిపిస్తుంది.

హైదరాబాదు: వైభవం, పతనం అన్న కథ

నిజామియా వేధశాల చరిత్రను మనం ఒక నిర్ణీతమైన వరసలో చెబుతాం. ఇంగ్లండులో చదివి వచ్చిన నవాబ్ జఫర్ జంగ్ 15 అంగుళాల గ్రబ్ దుర్భిణి తెప్పించి, 1901లో ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో వేధశాల నెలకొల్పాడు. 1907లో ఆయన మరణించాక నిజాం ప్రభుత్వం దాన్ని స్వీకరించింది. మొదటి డైరెక్టర్ చాట్‌వుడ్ దాన్ని బేగంపేటకు తరలించాడు. తరువాత పోకాక్, 1918 నుంచి 1944 దాకా టి. పి. భాస్కరన్, ఆ పిమ్మట అక్బర్ అలీ. 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. 1968లో రంగాపూర్ దగ్గర 48 అంగుళాల దుర్భిణి వెలసింది. ఆ తరువాత నగరపు వెలుతురు, నిర్వహణ లోపం, నిశ్శబ్దం. చివర ఒక నిట్టూర్పు, ప్రభుత్వాల మీద ఒక విసురు.

ఇది రాజవంశాల చరిత్రకు పనికివచ్చే చట్రం. వంశస్థాపకుడు, వైభవం, క్షీణదశ. వేధశాలకు ఇది సరిపోదు. ఎందుకంటే వేధశాల ఉత్పత్తి చేసేది అంకెలు. వాటి జీవితకాలం భవనంతో పాటు ముగియదు.

ఇందుకు సాక్ష్యం హైదరాబాదులోనే ఉంది. ఆకాశమంతటినీ ఫొటో పలకల మీదికి ఎక్కించి తారల పట్టిక తయారు చేయాలన్న అంతర్జాతీయ పథకంలో నిజామియా వేధశాల తనకు అప్పగించిన దక్షిణ ఆకాశభాగాన్ని, తరువాత ఉత్తరాన మరొక భాగాన్ని పూర్తి చేసింది. ఏడున్నర లక్షలకు పైగా తారల స్థానాలను కొలిచి పన్నెండు సంపుటాలుగా ప్రచురించింది. ఆ సంపుటాలు చాలాకాలం గ్రంథాలయాల్లో దుమ్ము పట్టాయి. ఆ పథకమంతా వృథా శ్రమ అన్నవారు కూడా ఉన్నారు. హిపార్కస్ ఉపగ్రహం 1990లలో తారల స్థానాలను అంతకుముందెన్నడూ లేనంత నిశితంగా కొలిచాక పరిస్థితి తలకిందులైంది. తార ఎంత వేగంగా జరుగుతున్నదో తెలియాలంటే నేటి స్థానంతో పాటు చాలా కాలం కిందటి స్థానం కావాలి. వాషింగ్టన్‌లోని అమెరికా నౌకాదళ వేధశాల ఆ పాత పట్టికలన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించి తిరిగి లెక్కగట్టింది. 2000లో వెలువడిన టైకో-2 పట్టికలో ఉన్న 25 లక్షల తారల చలనాలను నిర్ణయించడంలో ఆ పాత కొలతలు కీలకమయ్యాయి. బేగంపేటలో పలకలు కొలిచినవాళ్ళ శ్రమ అలా డెబ్బై, ఎనభై ఏళ్ళ తరువాత ఫలించింది. పతనమైపోయిందని మనం రాసుకుంటున్న కాలంలోనే హైదరాబాదు అంకెలు పనిచేస్తున్నాయి.

పథకంలో భాగం కాని మరొక పని భాస్కరన్ కాలంలో జరిగింది. 1920లలో 15 అంగుళాల గ్రబ్ దుర్భిణితో చరతారల పరిశీలన మొదలైంది. నెలల తరబడి నెమ్మదిగా పెరిగి తరిగే దీర్ఘకాలిక తారలు అందులో ముఖ్యం. అటువంటి తారల్లో ప్రసిద్ధమైనది తిమిమండలంలోని మైరా. 1596లో ఫాబ్రీసియస్ గమనించిన ఈ తార సుమారు 332 రోజులకొకసారి కంటికి కనిపించి, మళ్ళీ కనుమరుగవుతుంది. ఈ జాతి తారలకు ఒక గుణం ఉంది: ఏ ఆవృత్తీ ముందటిదానిలా ఉండదు. ఒకసారి ఎక్కువ వెలుగుతుంది, ఒకసారి తక్కువ. కాలం కూడా కొద్దిగా సాగుతుంది, కుదించుకుంటుంది. 1925 నాటి ఉచ్చదశను 1925లో చూసినవాడే చూశాడు. ఈనాడు ఎంత పెద్ద దుర్భిణి కట్టినా దాన్ని తిరిగి చూడలేం. అందుచేత ఆనాటి హైదరాబాదు చరతారల పద్దుకు ప్రత్యామ్నాయం లేదు. గ్రబ్ దుర్భిణి ఇత్తడి మెరుపు గురించి రాసే వ్యాసం ఈ ఒక్క సంగతి చెప్పకపోతే, ముఖ్యమైనది వదిలేసినట్టే.

ఈ వాతావరణంలోనే వేణు బప్పు పెరిగాడు. తండ్రి నిజామియా వేధశాలలో ఉద్యోగి. నిజాం కళాశాలలో చదువుకుంటూ కుర్రవాడు ఆ దుర్భిణులతో చరతారలు చూశాడు. 1946 నాటికే వాటి మీద పరిశోధనపత్రాలు ప్రచురించాడు. తరువాత హైదరాబాదు ప్రభుత్వ విద్యార్థివేతనంతో హార్వర్డు వెళ్ళడం, 1949లో ఒక తోకచుక్కను కనుగొనడం, 1957 నాటి విల్సన్-బప్పు సూత్రం, కావలూరు వేధశాల, అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య అధ్యక్షపదవి అందరికీ తెలిసినవే. మన కథనాల్లో హైదరాబాదు ఆయన ‘బాల్యం’ అనే అధ్యాయం. చరతారలు చూసిన ఆ రాత్రులను బాల్యచేష్టలుగా దాటవేస్తాం. కన్ను పోల్చడం నేర్చుకున్నది అక్కడే. చిన్న కుర్రవాడు చేసిన పరిశీలనకు ప్రచురణార్హత ఉన్న శాస్త్రశాఖ ఇది ఒక్కటేనేమో. అది చెప్పుకోదగిన సంగతి.

స్వాతంత్ర్యానంతరం కె. డి. అభ్యంకర్ నాయకత్వంలో కంటి స్థానంలోకి కాంతివిద్యుత్ పరికరాలు వచ్చాయి, చూసే తారలు మారాయి. ఒకదానినొకటి చుట్టివస్తూ గ్రహణం కలిగించుకునే జంటతారలు ఉస్మానియా పరిశోధకుల ప్రధాన విషయమయ్యాయి. గ్రహణం ఎంతసేపు పట్టింది, ఎంత వెలుగు తగ్గింది, తగ్గుదల అడుగున రేఖ చదునుగా ఉందా కోసుగా ఉందా అన్న వివరాల నుంచి ఆ తారల పరిమాణం, కక్ష్య వంపు లెక్కగట్టవచ్చు; వర్ణపటం తోడైతే వాటి బరువు కూడా తెలుస్తుంది. తారలను తూచడానికి మనకున్న నమ్మకమైన తక్కెడ ఇదే. రంగాపూర్ గోపురం కింద జరిగిన పని ఇది. అక్కడ దుర్భిణి ఆగిపోవడం బాధాకరమే. కానీ ఆ గోపురానికి రంగులు వేయాలన్న విన్నపం కంటే ముందు రాయవలసిన విన్నపం ఒకటుంది: బేగంపేట, రంగాపూర్ పరిశీలన పుస్తకాలను లెక్క తేల్చి, ఒక్కొక్క అంకెనూ అందరికీ అందేలా ఉంచాలని. గోపురం ఎప్పుడైనా కట్టుకోవచ్చు.

పేరులో పేచీ

తెలుగులో ఈ తారలను చరతారలు, చర నక్షత్రాలు అంటున్నాం. అనువాదంగా ఇందులో తప్పు లేదు గాని, మన భాషలో ఆ మాట అప్పటికే ఒక పనిలో ఉంది. ముహూర్తశాస్త్రంలో స్వాతి, పునర్వసు, శ్రవణం, ధనిష్ఠ, శతభిషం చర నక్షత్రాలు. రోహిణి, మూడు ఉత్తరలు స్థిర నక్షత్రాలు. ప్రయాణాలకు చర నక్షత్రం మంచిదని మన అమ్మమ్మలకు కూడా తెలుసు. పైగా చరాచరాలు అన్నప్పుడు చరమంటే కదిలేది. ఇక్కడ మారేది వెలుగు. తార అక్కడే ఉంటుంది. నిజంగా ఆకాశంలో చెప్పుకోదగినంత వేగంగా కదులుతున్న స్వాతి ముహూర్తశాస్త్రంలో చర నక్షత్రం కావడం కేవలం యాదృచ్ఛికం. చరకాంతి తార అంటే అయోమయం తీరుతుంది. ఈ వ్యాసంలో చరతార అన్నది దానికి కుదింపుగానే వాడాను.

ఇటువంటి యాదృచ్ఛికాల మీద గోపురాలు కట్టే రచన మరొకటి తెలుగులో విరివిగా ఉంది. ప్రాచీనులకు చరతారల సంగతి ముందే తెలుసునని, ఫలానా పురాణకథలో అది దాగి ఉందని చెప్పే వ్యాసాలు అవి. కృత్తికల్లో ఏడవది ఎందుకు కనబడదు వంటి ప్రశ్నల నుంచి అవి బయలుదేరుతాయి. కథలో ఆకాశజ్ఞానం ఉండవచ్చు. అయితే ఏ రోజున, ఏ తారతో పోల్చితే, ఎంత వెలుగు అన్న మూడు అంశాలు లేనిది చరతారా పరిశీలన కాదు. అహర్గణాన్ని అంత శ్రద్ధగా లెక్కించిన సిద్ధాంతగ్రంథాల గౌరవం ఈ విషయంలో పెరగాలంటే, వాటిలో లేనిదాన్ని ఉందనడం మార్గం కాదు. వాటిలో ఉన్న రోజుల లెక్కను చేతికి తీసుకుని ఈనాటి తారకు వాడటం మేలు. రఘునాథాచార్యులు చేసినది అదే.

యంత్రాలు చూస్తుండగా మనమెందుకు?

ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణ ఉంది. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం నడిపే చిన్న దుర్భిణుల దండు ప్రతి రాత్రీ ఆకాశాన్ని గాలిస్తున్నది. చిలీలో వేరా రూబిన్ వేధశాల పదేళ్ళ సర్వేకు సిద్ధమైంది. మాకు దగ్గరలో, క్యారీకి అరగంట దూరంలోని చాపెల్‌హిల్‌లో, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం స్కైనెట్ అనే వ్యవస్థను నడుపుతున్నది. గామాకిరణ విస్ఫోటాల తరువాతి వెలుగును పట్టుకోవడానికి చిలీలోని సెర్రో తొలోలో మీద నెలకొల్పిన ప్రాంప్ట్ దుర్భిణులతో మొదలైన ఆ వ్యవస్థలో, ఇంట్లో కూర్చున్న విద్యార్థి కూడా దూరదేశపు దుర్భిణికి పని చెప్పవచ్చు. ఇవన్నీ ఉండగా పెరట్లో నిలబడి కంటితో అంచనా వేయడం కాలం చెల్లిన వేడుక కాదా?

కాదనడానికి భౌతికమైన కారణం ఒకటుంది. మసక తారలను పట్టుకోవడానికి తయారైన కెమెరాలకు ప్రకాశవంతమైన తారలు అందవు; వాటి వెలుగుకు కెమెరా గడులు పొంగిపొర్లుతాయి. రూబిన్ కెమెరాకు పదహారో ప్రకాశాంకం కంటే వెలిగే తారలే భారం. అనూరాధ, ఆర్ద్ర, మైరా ఉచ్చదశ ఆ కెమెరాల పాలిట కేవలం అడ్డంకులు. మన కళ్ళకు బాగా కనబడే తారలే ఈ విధంగా యంత్రాల చూపుకు వెలుపల పడ్డాయి. 2000లో అనూరాధను కంటితో పట్టుకోవడం అందుకే సాధ్యమైంది. రెండో కారణం కాలానికి సంబంధించినది. నూట యాభై ఏళ్ళుగా కంటితో చేసిన అంచనాల వరస ఒకటి ఉన్నప్పుడు, అదే పద్ధతిలో ఇంకొన్ని ఏళ్ళు కలిపితే పాత అంకెలకూ కొత్త అంకెలకూ పోలిక తెగదు. పద్ధతి మారిన చోట, మారింది తారనా పరికరమా అన్న సందేహం మిగులుతుంది.

యంత్రాన్ని తక్కువ చేయనక్కరలేదు. కంటికి లోపాలున్నాయి: ఎర్రని తారను ఎక్కువసేపు తేరిపార చూస్తే అది ఉన్నదానికంటే ప్రకాశవంతంగా తోస్తుంది, దీర్ఘకాలిక చరతారలు దాదాపు అన్నీ ఎర్రనివే. అందుకే చటుక్కున చూసి చూపు తిప్పుకోవాలని కొత్తవారికి నేర్పుతారు. లోపం తెలిసిన పరికరం పనికిమాలినది కాదు. కాంతివిద్యుత్ పరికరానికైనా ఆ మాట వర్తిస్తుంది.

రెండు రేఖాంశాలు

ప్రవాసంలో ఉన్న తెలుగువాళ్ళకు ఈ విషయంలో ఒక ప్రత్యేకమైన వీలు ఉంది. పరిశీలకుడికి అన్నిటికంటే పెద్ద ఆటంకం సూర్యోదయం. పర్సియస్ మండలంలోని ఆల్గాల్ జంటతార 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకొకసారి గ్రహణం పట్టి, ప్రకాశాంకం 2.1 నుంచి 3.4కు పడిపోతుంది. ఆ కాలాన్ని 1780లలో జాన్ గుడ్రిక్ అనే వినికిడి లేని ఇంగ్లీషు యువకుడు నిర్ణయించాడు. మూడు రోజులకు మూడు గంటల పదకొండు నిమిషాలు తక్కువ కనుక, ప్రతి గ్రహణమూ గడియారంలో ముందటిదాని కంటే అంతసేపు ముందుగా వస్తుంది. శీతకాలంలో హైదరాబాదులో ఒక గ్రహణమధ్యం తెల్లవారుజామున మూడింటికి వచ్చిందనుకుందాం. తరువాతిది అర్ధరాత్రికి కొంచెం ముందు, ఆ పైది రాత్రి ఎనిమిదిన్నరకు, ఆ పైది సాయంత్రం ఐదున్నరకు. అక్కడితో హైదరాబాదు పరిశీలకుడి పద్దు ఆగుతుంది. దాని తరువాతది మధ్యాహ్నం రెండుంబావు దాటాక. ఆ సమయానికి క్యారీలో తెల్లవారుజామున మూడుముప్పావు దాటుతుంది; ఆ తరువాతది అర్ధరాత్రి దాటిన ముప్పైఅయిదు నిమిషాలకు. అక్కడ తెగిన రేఖను ఇక్కడ కొనసాగించవచ్చు.

పటం తీసి చూస్తే ఇది మరింత స్పష్టం. హైదరాబాదు తూర్పు రేఖాంశం 78.5 డిగ్రీల మీద ఉంది. క్యారీ పశ్చిమ రేఖాంశం 78.8 మీద ఉంది. గ్రీనిచ్ రేఖను అద్దమనుకుంటే రెండూ దాదాపు ఒకదానికొకటి ప్రతిబింబాలు. అక్షాంశం వేరు కనుక కొన్ని ఇబ్బందులు తప్పవు. రఘునాథాచార్యుల తార ఇక్కడ దిగంతం దాటి పైకి రానే రాదు. హైదరాబాదులో యాభై డిగ్రీల ఎత్తుకు వచ్చే అనూరాధ ఇక్కడ దక్షిణాన ముప్పైరెండు డిగ్రీలకే పరిమితమవుతుంది. జూలై రాత్రుల తేమలో చెట్ల మీదుగా వెతుక్కోవాలి. ఆర్ద్ర మాత్రం జనవరిలో అరవై డిగ్రీలకు పైన, నడిఆకాశానికి దగ్గరగా నిలుస్తుంది. ర్యాలీ, క్యారీ ఊళ్ళ వెలుతురులో కూడా అది కనబడుతుంది, దాన్ని పోల్చడానికి తగిన తారలూ కనబడతాయి.

మన సంఘాలు పిల్లలకు నక్షత్రాల పేర్లు నేర్పుతున్నాయి. అశ్విని నుంచి రేవతి దాకా తడుముకోకుండా చెప్పే పిల్లలు క్యారీలో చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఎందరికి ఆర్ద్ర ఆకాశంలో ఎక్కడుందో తెలుసు? ఒక సభలో నేనే ఈ ప్రశ్న అడిగి, పెద్దవాళ్ళ వైపు నుంచి కూడా జవాబు రాక ఊరుకోవలసివచ్చింది. పేరు తెలిసినవారికి తార చూపించి, పక్కన రోహిణినీ, మృగశీర్ష పాదాన వెలిగే తెల్లని రైజెల్‌నూ చూపించి, ఈ మూడింటిలో ఆర్ద్ర ఎక్కడ నిలుస్తున్నదని అడగవచ్చు. పిల్ల చెప్పిన జవాబు, ఆ రాత్రి దినసంఖ్య, పోల్చిన తారల పేర్లు ఒక పుస్తకంలో రాయించవచ్చు. అదే వారం హైదరాబాదులో పిల్లల తాతగారో మామయ్యగారో అదే తారను చూసి తన అంకె చెప్పవచ్చు. రెండు అంకెలు కలవకపోతే చర్చ మొదలవుతుంది. అది ఫోనులో వాతావరణం గురించి మాట్లాడుకోవడం కంటే మెరుగైన చర్చ. రెండిటినీ అంతర్జాతీయ పద్దుకు పంపవచ్చు. అక్కడ ఏ దేశం నుంచి వచ్చిన అంకెకైనా ఒకటే విలువ.

నిజామియా వేధశాల చరిత్రను ఇకముందు రాసేవారు, దుర్భిణి అంగుళాలతో పాటు ఆ దుర్భిణి చూసిన తారల పేర్లు రాయాలి, చూసిన రాత్రుల లెక్క రాయాలి, ఆ లెక్క ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో వెతకాలి. అది తేలితే మనం ఎక్కడి నుంచి కొనసాగించాలో తెలుస్తుంది. ఈలోగా ఆర్ద్ర, అనూరాధ తమ దారిన తాము మారుతూనే ఉంటాయి. ఈ శీతకాలం మొదటి మబ్బులేని రాత్రికి ఒక అంకె రాసిపెట్టడానికి మాత్రం ఏ చరిత్రకారుడి కోసమూ ఆగనక్కరలేదు.